బలహీన జట్టులో ఆడటమా, మంచి కోచ్ దగ్గర బెంచ్ మీద కూర్చోవడమా?

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌లో, బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడికి బదులుగా సిద్ధంగా ఉండేవాడు) ఆడే ఛాన్స్ ఎక్కువున్న బలహీన జట్టుకి వెళ్ళాలా, గట్టి జట్టులో రెండోవాడిగా ఉండాలా అని కదా మీ ప్రశ్న. నా ఓటు రెండోదానికే. కాకపోతే అక్కడి హెడ్ కోచ్ క్వార్టర్‌బ్యాక్‌లని తయారుచేసేవాడై ఉండాలి. జట్టు గెలుస్తోందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

నేనేమీ ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి కాను లెండి. గుంటూరులో మా కాలేజీ క్రికెట్ టీమ్‌కి రెండో వికెట్ కీపర్‌ని. అదనపు బ్యాట్స్‌మన్‌కి ఎక్కడో ఒకచోట ఖాళీ దొరుకుతుంది. రెండో కీపర్‌కి మాత్రం మొదటివాడి వేలు విరిగితేనే. నెట్స్‌లో మా మెయిన్ స్పిన్నర్లు బౌలింగ్ చేసేటప్పుడు కూడా వికెట్ల వెనక అతనే ఉండేవాడు. ఇప్పుడు మినియాపొలిస్‌లో ఉంటూ ఇక్కడి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు వైకింగ్స్‌ని ఫాలో అవుతుంటే అదే కథ కనిపిస్తుంది. సీజన్ మొదలయ్యాక ప్రాక్టీసులో మెయిన్ టీమ్‌తో ఆడేది దాదాపు అంతా స్టార్టరే, అంటే మ్యాచ్ మొదలుపెట్టే మొదటి క్వార్టర్‌బ్యాకే. బ్యాకప్ ఏమో వచ్చే ఆదివారం ఎదురుపడే క్వార్టర్‌బ్యాక్‌లా నటిస్తూ సొంత డిఫెన్స్‌కి ప్రాక్టీస్ ఇస్తాడు. ఇక అతను నేర్చుకునేది మీటింగ్ రూములోనే. అక్కడ పాఠం చెప్పేది ఎవరన్నది అందుకే అంత ముఖ్యం.

శామ్ డార్నాల్డ్‌నే చూడండి. 2018 డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట) మూడోవాడిగా జెట్స్ జట్టుకి వెళ్ళాడు. అక్కడా, తర్వాత పాంథర్స్‌లోనూ కావలసినంత ఆడాడు, పేరు మాత్రం పోగొట్టుకున్నాడు. 2023లో ఫార్టీనైనర్స్‌లో బ్రాక్ పర్డీ వెనక కూర్చున్నాడు. స్టార్ట్ చేసింది చివరి వారం ఒక్క మ్యాచే. కానీ అక్కడి హెడ్ కోచ్ కైల్ షానహాన్ పద్ధతి వంటబట్టింది. మరుసటి ఏడాది కోటి డాలర్లకి, ఒక్క ఏడాది కాంట్రాక్టుతో మా వైకింగ్స్‌కి వచ్చాడు. ఇక్కడి కోచ్ కెవిన్ ఓకానెల్ ఒకప్పుడు పేట్రియట్స్‌లో టామ్ బ్రాడీ వెనక బ్యాకప్. ఆ బాధ తెలిసినవాడు. ఆగస్టులో కుర్ర క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెక్‌కార్తీ మోకాలు దెబ్బతింది, డార్నాల్డ్ స్టార్టరయ్యాడు. 14 గెలుపులు, 3 ఓటములు, 35 టచ్‌డౌన్ పాస్‌లు (స్కోరు తెచ్చిన పాస్‌లు)! అతను వచ్చినప్పుడు మా ఆఫీసులో సణిగినవాళ్ళే డిసెంబరుకల్లా అతని జెర్సీ వేసుకుని వచ్చారు.

2025లో సీహాక్స్ జట్టు అతనికి మూడేళ్ళకి 10 కోట్ల డాలర్లకి పైగా రాసిచ్చింది. ఆ ఏడాది అక్కడ అఫెన్స్ కోఆర్డినేటర్ (దాడి ఆటని చూసే కోచ్) క్లింట్ కూబియాక్. 2023లో ఫార్టీనైనర్స్‌లో పాసింగ్ గేమ్ చూసింది అతనే. బెంచ్ మీద గడిపిన ఏడాది ఎక్కడ అక్కరకొచ్చిందో చూశారా?

తెలిసిన కోచ్ ఉన్నా అదృష్టం అడ్డం తిరగొచ్చు, అది వేరే విషయం. ఈగల్స్ జట్టుకి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిపించిన నిక్ ఫోల్స్ 2019లో జాగ్వార్స్‌కి నాలుగేళ్ళ కాంట్రాక్టు మీద వెళ్ళాడు. ఈగల్స్‌లో తన క్వార్టర్‌బ్యాక్ కోచే అక్కడ కోఆర్డినేటర్. అయినా మొదటి మ్యాచ్‌లోనే కాలర్‌బోన్ విరిగింది, డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్‌లో వచ్చిన కుర్రాడు మిన్‌ష్యూ ఆ చోటు అందుకున్నాడు.

కాంట్రాక్టు విషయంలో నా మాట ఒకటే. వయసుండి, మళ్ళీ స్టార్టర్ కావాలన్న పట్టుదల ఉంటే డబ్బు కాస్త తగ్గినా ఒక్క ఏడాదికే సంతకం పెట్టాలి. నిలకడైన జీతం చాలనుకునేవాడికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ ఛేజ్ డేనియల్ కెరీర్ మొత్తంలో స్టార్ట్ చేసింది ఐదు మ్యాచ్‌లే, సంపాదించింది మాత్రం 4 కోట్ల డాలర్ల దాకా.