జిఫ్-8: నూనెలో కూలింది, మిథనాల్‌లో నిలిచింది

ప్రశ్న: డైమండ్ ఆన్విల్ సెల్‌లో (రెండు వజ్రాల మధ్య నమూనాను నొక్కే పరికరం) జిఫ్-8 (సూక్ష్మ రంధ్రాలున్న స్ఫటిక పదార్థం) పొడిని సిలికాన్ నూనెలో నొక్కితే 0.5 గిగాపాస్కల్‌కే స్ఫటిక క్రమాన్ని చూపే ఎక్స్-రే శిఖరాలు చెదిరిపోయాయి. పీడనం తీసేసినా తిరిగి రాలేదు. మిథనాల్-ఇథనాల్ మిశ్రమంలో మాత్రం స్ఫటికం నిలిచింది. ఎందుకు?

జవాబు: తేడా ద్రవానిదే. నూనె అణువులు రంధ్రాల్లోకి దూరలేవు. ఖాళీ చట్రం 0.34 గిగాపాస్కల్ దగ్గరే కూలిపోతుంది, ఇక కోలుకోదు. మిథనాల్ లోపలికి చొరబడి ఆసరా ఇస్తుంది. 1.47 గిగాపాస్కల్ దగ్గర చట్రంలోని ఇమిడజోలేట్ అనే అణు వలయాలు తలుపు రెక్కల్లా తిరిగి రంధ్రాల ద్వారాలు పెద్దవవుతాయి; పీడనం తగ్గిస్తే పాత రూపమే వస్తుంది.

ఇంత తక్కువ పీడనంలో అసలు చిక్కంతా కొలతలోనే. పీడనం కొలవడానికి సెల్‌లో ఉంచే రూబీ ముక్క వెలువరించే కాంతి గీత గిగాపాస్కల్‌కు 0.365 నానోమీటర్లే జరుగుతుంది. గది 5 డిగ్రీలు వేడెక్కితే చాలు, సుమారు 0.1 గిగాపాస్కల్ తప్పు చూపిస్తుంది. ఈ వేడి ప్రభావాన్ని తీసేయడానికి సెల్ బయట మరో రూబీ ముక్క ఉంచి, ప్రతిసారీ రెండూ కొలవండి. పొడిని ముందే వాక్యూమ్‌లో వేడిచేయండి. రంధ్రాల్లో పాత ద్రావణి మిగిలితే నూనె ప్రయోగం కూడా తారుమారే.