మంట సరే, ఈ చలిజ్వరం సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 47. మాది తాడిపత్రి దగ్గర పల్లె. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. ఆరు నెలల్లో మూడుసార్లు మూత్రంలో మంట వచ్చింది. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేసుకుంటే రెండు రోజుల్లో తగ్గేది. ఈసారి మూడు రోజులుగా చలిజ్వరం, కుడి పక్క నడుము నొప్పి. ఊళ్లో నొప్పికి సూది వేయించుకున్నాను. క్రిముల విషం కిడ్నీలకు ఎక్కుతుందంటున్నారు, నిజమా? బార్లీ నీళ్లు తాగితే పోతుందా?

జవాబు: అమ్మా, ఇది చదివేసరికి మీరు ఆస్పత్రిలో ఉంటే సంతోషం. లేకపోతే ఇవాళే బయల్దేరండి. మిమ్మల్ని చూడకుండా ఇదే జబ్బని తేల్చలేను గానీ, షుగర్ ఉన్న మనిషికి మూత్రంలో మంట, చలితో జ్వరం, ఒక పక్క నొప్పి కలిసి వస్తే ముందుగా అనుమానించేది కిడ్నీ ఇన్ఫెక్షన్‌నే.

విషం మాట ఉత్తదేం కాదు. ఎక్కువమందిలో ఈ ఇన్ఫెక్షన్‌కు కారణం మన పేగుల్లోనే ఉండే ఈ-కొలై అనే క్రిమి. దాంట్లో కొన్ని రకాలకు నూగులాంటి పోగులుంటాయి. వాటితో మూత్రనాళం గోడను పట్టుకుని పైకి ఎగబాకుతాయి. కొన్ని హీమోలైసిన్ అనే విషం వదులుతాయి, అది కణాల పొరకు చిల్లులు పెడుతుంది. ఎండోటాక్సిన్ అనేది క్రిమి పైపొరలోనే ఉంటుంది, క్రిమి చచ్చినా బయటపడుతుంది. దాని మీదికి మన తెల్లకణాలు ఎగబడతాయి. ఆ కొట్లాటలో కిడ్నీ కూడా దెబ్బతింటుంది, కొందరికి మచ్చ మిగులుతుంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వేళకు వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. షుగర్ అదుపులో లేకపోయినా, రాయి అడ్డుపడినా కథ వేరు.

బార్లీ నీళ్లు తాగండి, మన ఎండలకు మంచిదే. గోడకు అతుక్కున్న క్రిమి మాత్రం వాటికి ఊడిరాదు.

నా కోపమల్లా ఆ మాత్రల మీదే. పేరు కూడా రాయలేదు మీరు. మొన్న ఒకావిడ కొంగుముడి విప్పి, కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్క నా బల్ల మీద పెట్టింది. పేరులో చివరి ‘సిన్’ ఒక్కటే మిగిలింది. అది ఏ సిన్నో నాకెలా తెలియాలి? నైట్రోఫ్యురాంటాయిన్ లాంటి మందు మూత్రాశయంలో బాగా పనిచేస్తుంది, కిడ్నీ కండలోకి చాలినంత చేరదు. కింద మంట తగ్గుతుంది, పైన క్రిమి పెరుగుతుంది. రెండు రోజులకే మానేస్తే మొండి క్రిములే మిగిలే ప్రమాదమూ ఉంది. ఇక ఆ సూది డైక్లోఫినాక్ లాంటిదైతే, జ్వరంతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీకి అదనపు దెబ్బ. మళ్లీ వేయించుకోకండి.

అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్లినా సరే, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మూత్రం కల్చర్‌కు, అంటే ఏ క్రిమో పెంచి చూసే పరీక్షకు ఇవ్వండి. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది, వైద్యం అందాకా ఆగదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, షుగర్, స్కానింగ్ కూడా చేస్తారు. వాంతులవుతున్నా, మూత్రం తగ్గినా, మాట తడబడినా బస్సు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

షుగర్ మందుల చీటీ మరిచిపోకండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే కొన్నాళ్లు ఆపాలో వద్దో అక్కడి డాక్టరు చెబుతారు. మీరు వాడిన మాత్రల స్ట్రిప్ ముక్క ఉంటే అదీ పట్టుకెళ్లండి, ‘సిన్’ ఒక్కటే మిగిలినా పర్వాలేదు.