కార్లలో అంతా సాఫ్ట్‌వేరే అయితే మెకానికల్ వాళ్లకు పనేముంటుంది?

ప్రశ్న: మా అబ్బాయి అనంతపురంలో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి కార్లంటే పిచ్చి. జిల్లా పక్కనే కియా ప్లాంట్ ఉంది కదా, అందులో చేరితే చాలనుకున్నాం. ఇప్పుడేమో "కార్లలో అంతా సాఫ్ట్‌వేరే నాన్నా, పైగా కంపెనీలన్నీ కలిసి ఒక్కసారే చేసేసుకుంటున్నాయి, మాకు ఉద్యోగాలు ఎక్కడుంటాయి" అని బెంగ పెట్టుకున్నాడు. ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: మీవాడు విన్నది నిజమే. అయితే దాన్నుంచి తేల్చుకున్నది మాత్రం తప్పు.

కార్ల కంపెనీలు కలిసి పనిచేయడం కొత్తేమీ కాదు. ఫియట్ వాళ్ల 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ మన మారుతి స్విఫ్ట్‌లోనూ వచ్చింది, టాటా ఇండికా విస్టాలోనూ వచ్చింది. అప్పుడు పంచుకున్నది తయారైన వస్తువు. ఇప్పుడు పంచుకునేది ఇంకా తయారవుతున్న కోడ్, డేటా.

ఒక్క కారులో డజన్ల కొద్దీ చిన్న కంప్యూటర్లు ఉంటాయి. వాటిని తయారుచేసిచ్చే సప్లయర్లలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి కావడంతో, ఒక కంప్యూటర్ పెట్టె మారిస్తే దానిమీద నడిచే సాఫ్ట్‌వేరంతా మళ్లీ రాసుకోవాల్సి వచ్చేది. ఆ తలనొప్పి భరించలేకే 2003లో బీఎండబ్ల్యూ, డైమ్లర్ క్రైస్లర్, ఫోక్స్‌వ్యాగన్, బాష్, కాంటినెంటల్ లాంటివి కలిసి ఆటోసార్ అనే ప్రమాణం మొదలుపెట్టాయి. తర్వాత టయోటా, ఫోర్డ్, జీఎం కూడా చేరాయి. సాఫ్ట్‌వేర్‌లో కారు కొనేవాడి కంటికి ఆనని అడుగు పొర అందరికీ ఒకే తీరు, పోటీ అంతా ఆ పైన. 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కలిసి నోకియా మ్యాపుల వ్యాపారాన్ని కొన్నది కూడా అలాంటి లెక్కతోనే. మ్యాపు ఎవరికి వాళ్లు గీసుకుంటే ఖర్చు దండగ.

ఇందులో మెకానికల్ వాళ్లకు పని ఎక్కడుందంటారా? గేర్‌బాక్స్ సంగతే చూడండి. అది ఇనుముగా తయారు కాకముందే దాని లెక్కల నమూనా ఒకటి కంప్యూటర్‌లో తయారవుతుంది. సప్లయర్ దాన్ని ఒక ఫైలుగా కార్ల కంపెనీకి పంపుతాడు. వాళ్లు తమ ఇంజిన్ నమూనాకు దాన్ని తగిలించి కారును తెరమీదే నడిపి చూస్తారు. లోపలి సమీకరణాలు సప్లయర్ గుట్టుగానే ఉంచుకోవచ్చు. ఇలా ఇచ్చిపుచ్చుకోవడానికి 2010లో ఎఫ్‌ఎంఐ అనే ప్రమాణం వచ్చింది. ఆ నమూనా రాయాలంటే ఘర్షణ, వేడి, టార్క్ తెలియాలి. అంటే మీవాడి సిలబసే. ఇలాంటి నమూనాలు తయారుచేసే ఓపెన్‌మోడలికా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దాంట్లో చేయమనండి. బయట డబ్బులిచ్చి కొనుక్కునే ప్రాజెక్టులు మాత్రం వద్దు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

రెండో పని, ఇంట్లోనో తెలిసినవాళ్ల దగ్గరో కారు ఉంటే. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, మెకానిక్‌లు కారు లోపాలు చదవడానికి వాడేది. కొన్ని వందల రూపాయల బ్లూటూత్ అడాప్టర్ తగిలించి ఇంజిన్ వేగం అడిగితే రెండు సంఖ్యలు తిరిగొస్తాయి. 26, 248 వచ్చాయనుకోండి. మొదటిదాన్ని 256తో గుణించి, రెండోది కలిపి, 4తో భాగిస్తే 1726 ఆర్‌పీఎం. కియా అయినా మారుతి అయినా లెక్క ఇదే. పోటీ కంపెనీలు ఒక మాట మీదికి రావడమంటే ఏమిటో అరగంటలో తెలిసిపోతుంది. ఆ లెక్క కంప్యూటర్‌తో చేయించడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సాకు నాకు తెలీదు.

ఇలా అందరికీ ఉమ్మడిగా ఉన్నవి నేర్చుకోమని ఎందుకంటున్నానంటే, పొత్తులు నిలుస్తాయన్న నమ్మకం లేదు. ఫోర్డ్, ఫోక్స్‌వ్యాగన్ పెట్టుబడి పెట్టిన డ్రైవర్‌లేని కార్ల కంపెనీ ఆర్గో ఏఐ 2022లో మూతపడింది. అదే ఫోక్స్‌వ్యాగన్ 2024లో అమెరికా ఎలక్ట్రిక్ వాహనాల కంపెనీ రివియన్‌తో సాఫ్ట్‌వేర్ కోసం జాయింట్ వెంచర్ పెట్టుకుంది. ఒక కంపెనీ సొంత టూల్ మాత్రమే వచ్చినవాడు అది మూతపడితే మొదటికొస్తాడు.

కియా సంగతి. పెనుకొండ దగ్గర జరిగేది ముఖ్యంగా తయారీ. అక్కడ ప్రొడక్షన్, క్వాలిటీ ఉద్యోగాలు మంచివే, ఇంటికి దగ్గర కూడా. డిజైన్ వైపు వెళ్లాలంటే మాత్రం హైదరాబాద్ చూడాలి. హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్, గేర్‌బాక్సుల్లాంటి విడిభాగాలు చేసే జెడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్ అక్కడున్నాయి. మీకు అంతకంటే దగ్గర బెంగళూరు. బాష్, మెర్సిడెస్ బెంజ్ ఆర్ అండ్ డీ రెండూ అక్కడే. ఇలాంటి చోట్ల రోజులో సగం జర్మనీ, కొరియా వాళ్లతో ఫోన్లలోనే గడుస్తుంది. కోడింగ్ కంటే ముందు ఇంగ్లిష్‌లో "మీ సిగ్నల్ ఫలానా చోట తేడాగా వస్తోంది" అని జంకకుండా చెప్పడం రావాలి. మన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

ఇక కోర్సు. ఆటోసార్ నేర్పిస్తాం, ఉద్యోగం గ్యారంటీ అంటూ పెద్ద ఫీజు అడిగేవాళ్లు మీకు తగులుతారు. ఆ ప్రమాణం పత్రాలు ఆటోసార్ వాళ్లే ఊరికే చదువుకోనిస్తున్నారు. ముందు ఒక నెల వాటిని, సీ భాషను ముందు పెట్టుకుని కూర్చోమనండి. ఆ తర్వాత కూడా కోర్సు కావాలంటే, ఏ టూల్ మీద చేయిస్తారో, దానికి లైసెన్స్ ఉందో లేదో అడిగి అప్పుడు కట్టండి.