ఎంసీబీ పడుతోందని పెద్దది వేయించకండి, ముందు ఆంప్స్ లెక్క చూసుకోండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. ఎల్బీనగర్‌లో మీ ఫ్లాట్, బెడ్రూమ్‌లో 1.5 టన్ను ఏసీ, పక్క బాత్రూమ్‌లో 3 కిలోవాట్ల గీజర్, రెండూ ఒకే లైన్ మీద ఉన్నాయి. వైరు 2.5 (చదరపు మిల్లీమీటర్ల మందం), డీబీలో, అంటే స్విచ్‌లన్నీ ఉండే మెయిన్ పెట్టెలో, 16 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్). పొద్దున ఏసీ ఆపకుండానే ఇంట్లోవాళ్లు ఒకరి తర్వాత ఒకరు స్నానాలకు వెళ్తే ఒక్కోరోజు ఎంసీబీ పడిపోతోంది (ట్రిప్ అయి లైన్ ఆగిపోతోంది), ఒక్కోరోజు నిలుస్తోంది. ఎలక్ట్రీషియన్ 32 వేసేద్దాం అంటున్నాడు, వేయించుకోవచ్చా, అసలు వాట్లను ఆంప్స్‌లోకి ఎలా మార్చాలి అని అడిగారు.

దయచేసి వేయించకండి. నేను అదే పని చేయించి మా ఇంట్లో మంట దాకా తెచ్చుకున్నాను, ఆ సంగతి కింద చెప్తాను. ముందు మీ లెక్క చూద్దాం.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. గీజర్, ఇస్త్రీ పెట్టె, హీటర్ లాంటి కాయిల్ వేడెక్కే వస్తువులకు వాట్లను 230తో భాగిస్తే ఆంప్స్ వచ్చేస్తాయి. మీ గీజర్ 3000 బై 230, అంటే 13 ఆంప్స్. ఏసీ, ఫ్రిజ్, మోటార్లకు మాత్రం పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, 1 లోపు ఉంటుంది) కూడా చూడాలి, వాట్లను 230తోనూ ఆ పవర్ ఫ్యాక్టర్‌తోనూ భాగించాలి. మీ ఏసీ పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఇన్‌పుట్ వాట్లు ఉంటాయి (1.5 టన్ను అంటే 1500 వాట్లు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, టన్ను అనేది చల్లదనం లెక్క, కరెంటు లెక్క కాదు). 1600 వాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.9 అనుకుందాం, 7.7 ఆంప్స్ వస్తుంది. చాలా స్టిక్కర్ల మీద ఆంప్స్ కూడా నేరుగా రాసి ఉంటాయి, ఉంటే అదే తీసుకోండి, మన లెక్క కంటే అదే నమ్మకం.

రెండూ కలిపితే దాదాపు 21 ఆంప్స్. మీ ఎంసీబీ 16. మరి రోజూ ఎందుకు పడట్లేదు అంటే, ఇళ్లలో వాడే ఎంసీబీ దాని రేటింగ్‌కి 1.13 రెట్ల దాకా గంటసేపు పడకుండా ఉండాలి, 1.45 రెట్లకు గంటలోపు పడి తీరాలి, అలా తయారుచేస్తారు. 16కి అది 18 నుంచి 23 ఆంప్స్ మధ్య. మీ 21 సరిగ్గా ఆ మధ్యలో ఉంది, పడొచ్చు, పడకపోవచ్చు. పైగా ఆ లెక్క 30 డిగ్రీల వేడికి కట్టింది. మే నెలలో మన హైదరాబాద్‌లో మూసి ఉన్న డీబీ లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి ఇంకాస్త ముందే పడుతుంది. అంటే మీ ఎంసీబీ చెడిపోలేదండి, దాని పని అది చేస్తోంది.

ఇప్పుడు అదే లెక్క 32కి వేయండి. 36 ఆంప్స్ గంటసేపు పోయినా అది కదలదు, 46 దాటితేనే గంటలోపు పడుతుందని గ్యారంటీ. గోడలో పైపులో పోయే 2.5 రాగి వైరుకు నేను 18, మహా అయితే 20 ఆంప్స్ దాటి లెక్కవేయను. వేడికి, ఒకే పైపులో ఐదారు వైర్లు కుక్కడానికి కొంత తగ్గించుకోవాలి కదా. 4 వైరుకు 25 దాకా, 1.5 వైరుకు 12, 13. మరి 20 మోసే వైరులో 36 పోతుంటే ఆపేవాళ్లెవరు? ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడటానికి కాదు, గోడలో కనపడని ఆ వైరును కాపాడటానికి. అందుకే ముందు లోడ్ ఆంప్స్, దానికంటే కాస్త ఎక్కువ ఎంసీబీ, ఎంసీబీ కంటే ఎక్కువ మోసే వైరు, ఈ వరస తప్పకూడదు.

మా ఇంటి సంగతి. మల్కాజిగిరిలో నాన్న కట్టించిన ఇల్లు, పై పోర్షన్‌లో పవర్ ప్లగ్గులన్నిటికీ 1.5 వైరే లాగారు, అప్పట్లో ఇంట్లో ఇస్త్రీ పెట్టె తప్ప ఏముందని. తర్వాత దాని మీదకే 2 కిలోవాట్ల గీజర్ వచ్చింది, పాత విండో ఏసీ వచ్చింది. అక్కావాళ్లు పిల్లలతో వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఎంసీబీ రోజుకు రెండుసార్లు పడుతుంటే చిరాకొచ్చి, 32 వేయమని మిస్త్రీకి నేనే చెప్పాను, అతను మారుమాట లేకుండా వేసేశాడు. రెండు నెలలు హాయిగా గడిచింది. ఒక ఆదివారం అమ్మ కిందికి వచ్చి పైన ప్లాస్టిక్ కాలిన వాసనొస్తోందిరా అంది. పైకెళ్లి స్విచ్ బోర్డు మీద చెయ్యి పెడితే పెనంలా ఉంది. మెయిన్ ఆపి ప్లేటు విప్పాం. ఎర్ర వైరు గోధుమ రంగులోకి మారిపోయింది, గోరుతో తాకితే పైతొడుగు పెచ్చులు పెచ్చులుగా రాలింది, స్క్రూ దగ్గర రాగి నల్లగా, అంచులో నీలంగా కమిలిపోయి ఉంది. పైపులోంచి లాగుదామంటే రాలేదు, లోపల మూరెడు పొడుగున ఫేజు, న్యూట్రల్ ఒకదానికొకటి కరిగి అతుక్కుపోయాయి. ఆ గోడకు ఇటుపక్కే పిల్లల మంచం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొత్త వైరింగ్‌కి వచ్చిన పెద్దాయన అన్న మాట ఒకటుంది, "ఎంసీబీ పెద్దది ఏస్తే వైరు పెద్దదైతదా సారూ?" అని. ఆయన ప్రతి పాయింటుకీ వాట్లు అడిగి, గోడ మీదే పెన్సిల్‌తో ఆంప్స్ రాసుకుని, ఆ తర్వాతే ట్రూప్ బజార్‌కు వైరు కొనడానికి పంపాడు.

మీ విషయానికొస్తే, ఉన్న 2.5 లైన్‌ని 16 ఎంసీబీతో ఒక్క ఏసీకే వదిలేయండి, దానికి అది చాలు. ఏసీ పాతరకం నాన్ ఇన్వర్టర్ అయితే స్టార్టింగ్‌లో ఒక్క క్షణం కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి ఎంసీబీ సీ కర్వ్‌ది (ఆ ఒక్క క్షణానికి పడిపోకుండా ఓర్చుకునే రకం) తీసుకోండి. గీజర్‌కి డీబీ నుంచి విడిగా లైన్ లాగించండి, ఎర్త్ వైరుతో సహా. 13 ఆంప్స్‌కి 2.5 కూడా సరిపోతుంది కానీ నేనైతే 4 వేస్తాను, మళ్లీ గోడ పగలగొట్టడం కంటే ఇప్పుడు వైరుకి పెట్టే ఖర్చు తక్కువ. 4 వైరు వేశాం కదా అని ఎంసీబీ 25 పెట్టకండి, చివర ఉన్న సాకెట్ 16 ఆంప్స్‌దే, కాబట్టి 16 చాలు. బాత్రూమ్ లైన్ కాబట్టి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్) ఉందో లేదో కూడా చూడమనండి. షాక్ నుంచి మనుషుల్ని కాపాడేది అదే, ఎంసీబీ కాదు.

వోల్టేజీ తగ్గితే ఆంప్స్ పెరుగుతాయా అని కూడా అడిగారు. గీజర్‌కి పెరగవు, 200 వోల్టులే వస్తే అది 11 ఆంప్సే తీసుకుని నీళ్లు నిదానంగా కాస్తుంది. ఇన్వర్టర్ ఏసీ అలా కాదు, అంతే పని చేయడానికి 7.7 బదులు 9 దాకా లాగుతుంది. మోటార్లూ లోడ్ మీద అంతే, ఎక్కువ లాగి వేడెక్కుతాయి. మీ అపార్ట్‌మెంట్ బోరు మోటారు త్రీ ఫేజ్ అయితే లెక్క వేరు, అప్పుడు వాట్లను 1.732తో, 415 వోల్టులతో, పవర్ ఫ్యాక్టర్‌తో భాగించాలి. హార్స్ పవర్ 746 వాట్లు అనేది మోటారు బయటికిచ్చే పని, లోపలికి తీసుకునేది అంతకంటే ఎక్కువ, దానికి నేమ్ ప్లేట్ మీది ఆంప్స్ చూసుకోవడమే సులువు.

వంటింట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే అదీ ఒకసారి చూడండి. 2000 వాట్లంటే 8.7 ఆంప్స్, మిక్సీకి పెట్టిన 6 ఆంప్స్ చిన్న సాకెట్‌లో అడాప్టర్ పెట్టి నడుపుతుంటారు చాలా ఇళ్లలో, ఆ సాకెట్ మోసేది 1380 వాట్లే.

కొత్త లైన్ పడేదాకా ఏసీ ఆపాకే గీజర్ వేయండి. ఇంకొకటి, ఇన్నాళ్లు 21 ఆంప్స్ పోయిన లైన్ కాబట్టి మిస్త్రీ వచ్చినప్పుడు మెయిన్ ఆపించి ఆ సాకెట్ ప్లేటు, ఎంసీబీ కింది స్క్రూలు విప్పించి చూడండి. వైరు రంగు మారినా, పైతొడుగు గట్టిపడినా ఆ ముక్క కోసేసి సరిపెట్టనివ్వకండి, లైన్ మొత్తం మార్పించండి. ఫోటో తీసి ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.