కొత్తగా సైకిల్ తొక్కేవాళ్లకి షిమనామి కైదో: మొదటి సగం తొక్కి, ఓడలో వెనక్కి వచ్చేయండి

"సైకిల్ తొక్కడం ఈమధ్యే మొదలుపెట్టాను. సముద్రం పక్కనే సాగే, మరీ కష్టపెట్టని రోడ్డు కావాలి. జపాన్‌లోని షిమనామి కైదో గురించి విన్నాను. నాలాంటివాళ్లు వెళ్లగలరా?" అని ఒకరు అడిగారు.

నిక్షేపంగా వెళ్లగలరు. కాకపోతే మొత్తం దారి ఒక్కరోజులో పూర్తి చేయాలన్న పట్టుదల పెట్టుకోకండి. ఒనోమిచిలో బయల్దేరి ఇకుచిజిమా దీవిలోని సెతోదా ఊరి దాకా, అంటే సుమారు 30 కిలోమీటర్లు తొక్కి, అక్కడి నుంచి సైకిల్‌తో సహా ఓడెక్కి వెనక్కి వచ్చేయండి. నేను మా చెల్లెల్ని ఇలాగే తీసుకెళ్లాను. హైస్కూలు అయిపోయాక తను సైకిల్ ముట్టుకోలేదు. అయినా సాయంత్రానికి నవ్వుతూనే ఉంది.

ముందు దారి సంగతి చెప్తాను. జపాన్ ప్రధాన దీవి హోన్షూలోని ఒనోమిచి నుంచి మరో పెద్ద దీవి షికోకులోని ఇమాబరి దాకా మొత్తం సుమారు 70 కిలోమీటర్లు. మధ్యలో ముకైషిమా, ఇన్నోషిమా, ఇకుచిజిమా, ఓమిషిమా, హకాతాజిమా, ఓషిమా అని ఆరు ప్రధాన దీవులు. వీటిని కలిపే వంతెనల వరస 1999లో పూర్తయింది. ఇదంతా సెతో లోతట్టు సముద్రం. చుట్టూ పెద్ద భూభాగాలు, మధ్యలో లెక్కలేనన్ని దీవులు అడ్డుండటం వల్ల పెద్ద అలలు ఉండవు. గాలి లేని ఉదయం నీళ్లు చెరువులా కదలకుండా ఉంటాయి. రోడ్డు చాలాచోట్ల నీటి అంచునే వెళ్తుంది కాబట్టి తొక్కుతున్నంతసేపూ సముద్రం కళ్లముందే ఉంటుంది.

ఒనోమిచి నుంచి ముకైషిమాకి వంతెన ఉన్నా, సైకిళ్లవాళ్లు పడవలోనే దాటతారు. ఆ వంతెన ఇరుకు, దాని మీద వాహనాల రద్దీ కూడా ఉంటుంది. పడవ ప్రయాణం కొద్ది నిమిషాలే. సైకిల్ పట్టుకుని నిలబడే లోపే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. దిగగానే రోడ్డు మీద ఒక నీలిగీత కనిపిస్తుంది. ఇమాబరి దాకా దారి చూపించేది అదే. ఇంకా ఎంత దూరం ఉందో మధ్యమధ్యలో రోడ్డు మీదే రాసి ఉంటుంది. ఫోన్‌లో మ్యాప్ చూసుకునే పని లేదు, దారి తప్పుతామన్న టెన్షన్ లేదు. కొత్తవాళ్లకి ఇది ఎంత ధైర్యమో అక్కడికి వెళ్తేనే తెలుస్తుంది.

అయితే ఒక మాట గుర్తుంచుకోండి. దీవుల మీద ఆ నీలిగీత ఉన్నది మామూలు రోడ్డు మీదే, సైకిళ్లకి విడిగా వేసిన దారి కాదు. కార్లు, లారీలు కూడా అదే రోడ్డు మీద వస్తాయి. రద్దీ తక్కువే అయినా ఎడమ అంచు వదలకూడదు. మనలాగే అక్కడ కూడా ఎడమవైపు నడక కాబట్టి అలవాటు పడటానికి టైమ్ పట్టదు. కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన తొక్కడం మాత్రం అక్కడి చట్టం ఒప్పుకోదు, ఒకరి వెనక ఒకరు వెళ్లాల్సిందే. తొక్కుతూ ఫోన్ చూస్తే వేసే శిక్షని 2024 నవంబరు నుంచి బాగా పెంచారు. హెల్మెట్ పెట్టుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి అన్ని వయసులవాళ్లకీ చెప్తున్నారు. చట్టం సంగతి ఎలా ఉన్నా పెట్టుకోండి.

ఇక అందరూ భయపడేది వంతెనల దగ్గర ఎక్కుడు గురించి. వంతెన కింద నుంచి పెద్ద ఓడలు వెళ్లాలి. అందుకే ఇన్నోషిమా వంతెన నీటికి 50 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మరి మనం సముద్ర మట్టం నుంచి అంత ఎత్తుకి ఎక్కాలి కదా! దానికోసం సైకిళ్లకి విడిగా మెలికలు తిరిగే దారి వేశారు. దాని వాలు సగటున 3 శాతం, అంటే వంద మీటర్లు ముందుకెళ్తే మూడు మీటర్లు పైకి వెళ్తాం. చాలామంది చేసే పని ఏంటంటే, కింద ఊపు తెచ్చుకుని ఒక్క దమ్ములో ఎక్కేయాలని చూస్తారు. సగంలోనే తొడలు పట్టేస్తాయి. అలా కాకుండా, ఎక్కుడు మొదలవకముందే తేలికైన గేరులోకి మార్చేయండి. కాళ్లు కాస్త వేగంగానే తిరగాలి గానీ పెడల్ మీద బలం పెట్టాల్సిన అవసరం రాకూడదు. ఆయాసపడకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారంటే మీ వేగం సరిగ్గా ఉన్నట్టే. మా చెల్లెలు మొదటి ఎక్కుడులో "అన్నయ్యా, ఇంతేనా?" అంది. అప్పటిదాకా కొండ ఎక్కాలేమో అని భయపడిన మనిషి!

ఇన్నోషిమా వంతెన మీద పైన కార్లు, వాటి కింద అంతస్తులో మనం. ఇనుప చట్రం మధ్యలోంచి సముద్రం కనిపిస్తుంది, నెత్తిమీద కార్ల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. కొందరికి ఈ వంతెన నచ్చదు. నాకు మాత్రం ఆ నీడ, ఆ హోరు చాలా నచ్చాయి. దాని తర్వాత వచ్చే ఇకుచి వంతెన చిన్నది, 790 మీటర్లే. అక్కడ ఆకాశం అడ్డం లేకుండా కనిపిస్తుంది.

నా మటుకు నాకు ఇకుచిజిమా తీరమే ఈ దారి మొత్తానికి ప్రాణం. రోడ్డు దాదాపు చదును. ఒక పక్క నీళ్లు, మరో పక్క నిమ్మతోటలు. జపాన్‌లో ఈ దీవి నిమ్మకాయలకి పెట్టింది పేరు. సెతోదాలో నిమ్మకాయ జెలాటో (ఇటాలియన్ ఐస్‌క్రీమ్) తిని ఒక గంట ఊరికే కూర్చోండి. ఆ గంట మీ ప్లాన్‌లో ముందే ఉండాలి. ఇంకా ఓపిక ఉంటే సన్‌సెట్ బీచ్ మీదుగా తతారా వంతెన దాకా వెళ్లి రండి. 1480 మీటర్ల ఈ తీగల వంతెనలో రెండు స్తంభాల మధ్య దూరం 890 మీటర్లు. 1999లో కట్టినప్పుడు ఈ రకం వంతెనల్లో ప్రపంచంలో అదే పెద్దది. దాని స్తంభం కింద నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు పైకి మారుమోగుతూ వెళ్తుంది. దాన్ని అక్కడ "డ్రాగన్ ఏడుపు" అంటారు. వంతెన మధ్యలో హిరోషిమా, ఎహిమే రాష్ట్రాల సరిహద్దు గీత కూడా ఉంటుంది, అందరూ దాని మీద సైకిల్ ఆపి ఫొటో తీసుకుంటారు.

సైకిల్ అక్కడే అద్దెకి దొరుకుతుంది. సెలవు రోజుల్లో వెళ్లేటట్టయితే ముందే బుక్ చేసుకోండి. గేర్లున్న క్రాస్ బైక్ (తిన్నని హ్యాండిల్ ఉన్న తేలికైన సైకిల్) తీసుకోండి. మోకాళ్ల నొప్పులుంటే బ్యాటరీ సైకిల్ అడగండి, కానీ దాన్ని తీసుకున్న చోటే తిరిగి ఇవ్వాలేమో కనుక్కోండి. మామూలు సైకిళ్లని వేరే కేంద్రంలో వదిలేసే వీలుంటుంది. బయల్దేరే ముందు సీటు ఎత్తు సరిచూసుకోవడం మర్చిపోకండి. సీటు మీద కూర్చుని పెడల్ బాగా కిందున్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. సీటు అంతకన్నా కిందికి ఉంటే పది కిలోమీటర్లకే మోకాళ్లు పట్టేస్తాయి.

తిండి దగ్గర ఒక జాగ్రత్త. శాకాహారులైతే ఒనోమిచిలోనే ఏదో ఒకటి కొని సంచిలో పెట్టుకోండి. అక్కడి సూపుల్లో, పులుసుల్లో చాలావాటికి చేపతో చేసిన దాషి రసమే ఆధారం, కూరగాయల వంటకంలా కనిపించినా అందులో అది ఉండొచ్చు. నీళ్లకి ఇబ్బంది లేదు, దారిలో నాణెం వేస్తే నీళ్ల సీసా ఇచ్చే మెషీన్లు చాలా ఉంటాయి, చిల్లర నాణేలు జేబులో ఉంచుకుంటే చాలు.

ఏప్రిల్, మే, అక్టోబరు, నవంబరు నెలలు హాయిగా ఉంటాయి. జూన్ నుంచి జులై మధ్య దాకా వానలు, ఆ తర్వాత ఉక్కపోత, సెప్టెంబరులో తుపానుల భయం. గాలి మరీ ఎక్కువైతే వంతెనల మీదకి సైకిళ్లని వదలరు. ముందురోజు వాతావరణం చూసేటప్పుడు వానతోపాటు గాలి వేగం కూడా చూడండి.

సెతోదా నుంచి ఒనోమిచికి ఓడలో దాదాపు 40 నిమిషాలు. రోజుకి కొన్ని ఓడలే ఉంటాయి, వాటిలో సైకిళ్లకి చోటు కూడా పరిమితమే. అందుకే టైములు ముందే చూసుకుని, చివరి ఓడ మీద కాకుండా దాని ముందు ఓడ మీద లెక్క వేసుకోండి.

మిగతా సగం గురించి కూడా అడుగుతారని చెప్తున్నాను: ఓషిమాలో నిజమైన ఎక్కుళ్లు ఉన్నాయి, ఆ తర్వాత మూడు వేలాడే వంతెనలు కలిసిన కురుషిమా వంతెన సుమారు 4 కిలోమీటర్లు ఉంటుంది. ఆ భాగం కూడా తొక్కాలనుకుంటే ఓమిషిమాలో ఒక రాత్రి ఆగి, మర్నాడు పొద్దున్నే బయల్దేరండి.