కారు మీద తెల్ల మచ్చలకు ఏసీ నీళ్లు

మూడు షాంపూలు మార్చినా నల్ల కారు మీద తెల్ల మచ్చలు పోవట్లేదన్నారు కదండీ, తప్పు షాంపూది కాదు, నీళ్లది. మేమూ చెన్నై వేళచ్చేరిలో బోరు నీళ్లే వాడతాం. నీరు ఆరిపోయినా అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పెయింట్ మీదే ఉండిపోతాయి. వేలితో నిమిరితే సన్నటి గరుకు తెలుస్తుంది. గోరుతో మాత్రం గీకకండి.

తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, మచ్చ మీద ఒక్క నిమిషం ఉంచి వెంటనే కడిగేయండి. నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. దీంతో పెయింట్ మీద రక్షణగా పూసే వాక్స్ కూడా కొంత పోతుంది, తర్వాత మళ్లీ పెట్టుకోండి. అప్పటికీ పోని మచ్చ పెయింట్‌లోకి దిగినట్టే, దానికి పాలిష్ కావాలి.

ఇకపై ఆర్వో ఫిల్టర్ వదిలే వృథా నీళ్లు కారుకు అసలు వాడొద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ. ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. మన చెన్నై ఉక్కకు తెల్లారేసరికి బాగానే నీళ్లు చేరతాయి. అది గాలిలోని తేమే కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. చివరి కడుగు ఆ నీళ్లతో కానిచ్చి, ఆరేలోపే పొడి గుడ్డతో తుడిచేయండి. గిన్నెలు తోమే లిక్విడ్ జోలికి వెళ్లకండి, ఉన్న వాక్స్ కాస్తా ఊడుతుంది.