వాటా రాకముందే అప్పా?

ప్రశ్న: మా నాన్నగారి ఇల్లు, పొలం గురించి మా నలుగురు తోబుట్టువుల మధ్య మూడేళ్లుగా భాగపంపిణీ దావా నడుస్తోంది. నా జీతం 62 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు, బ్యాంకులో 40 వేలున్నాయి. వకీలు ఫీజుల కోసం 14 శాతం వడ్డీకి 5 లక్షల వ్యక్తిగత రుణం తీసుకోనా, బంగారం తాకట్టు పెట్టనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రెండూ వద్దు. ఇంకా చేతికి రాని వాటాను ఆదాయంగా లెక్కవేసుకుని అప్పు చేయడం ఆస్తి తగాదాల్లో తరచూ కనిపించే పొరపాటు కనుకనే మీ ఉత్తరానికి ఇక్కడ జవాబిస్తున్నాను. ఆ రుణాన్ని అయిదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 11,634 రూపాయలు. అంటే నెలకు మిగిలే 17 వేలలో మీకు దక్కేది అయిదు వేల పైచిలుకు మాత్రమే. అప్పుకు అయిదేళ్ల గడువుంది కానీ దావాకు అలాంటి గడువేదీ లేదు. ప్రిలిమినరీ డిక్రీ (తొలి తీర్పు) వాటాలను తేలుస్తుంది, ఆ తరువాత ఫైనల్ డిక్రీ (ఆస్తిని విడగొట్టే తుది తీర్పు) కోసం పిటిషన్ వేయాలి, కోర్టు నియమించిన కమిషనర్ వచ్చి కొలవాలి, ఏ దశలోనైనా ఎవరో ఒకరు అప్పీలుకు వెళ్లవచ్చు. పోనీ మధ్యలో మీ వాటాను అమ్ముదామన్నా, కొన్నవారు కూడా తీర్పుకు కట్టుబడవలసి ఉంటుంది కాబట్టి సరైన ధర పలకదు.

ముందుగా ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 2.70 లక్షలు, దావా ఖర్చుతో కలపకుండా వేరే ఖాతాలో పోగుచేయండి. నలభై వేల నిల్వతో కోర్టు చుట్టూ తిరిగే కుటుంబానికి ఒక్క నెల జీతం ఆగితే చాలు, వకీలు ఫీజు కాదు, బియ్యం ఖర్చే అప్పవుతుంది. ఈ నిధి నిండేవరకు చిట్టీ పాడుకోవడం లాంటి ఆలోచనలు కూడా పక్కన పెట్టండి.

ఇక ఖర్చు తగ్గే దారి మీ తోబుట్టువుల దగ్గరే ఉంది. వంశవృక్షం, సర్వే నంబర్లు, ఎవరి స్వాధీనంలో ఏముందన్నవి మీలో ఎవరూ కాదనని విషయాలైతే, అన్ని పక్షాల వకీళ్లూ కలిసి కోర్టులో ఒక మెమో (రాతపూర్వక ఒప్పుకోలు) వేస్తే వాటికి సాక్షులను పిలిచే పని తప్పుతుంది. దస్తావేజులను ఒప్పుకోమని నోటీసు ఇచ్చినా అకారణంగా నిరాకరించినవారిపై, దావా ఎవరు గెలిచినా, వాటిని రుజువు చేసే ఖర్చు పడే అవకాశం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. కొలతలకు ఒక్క కమిషనర్‌ను ఒప్పుకుని ఆ ఖర్చును నలుగురూ సమంగా పంచుకోండి. వకీలు గారితో ఫీజును దశలవారీగా, ఒక్కో ఐ.ఏ.కు (దావా మధ్యలో వేసే పిటిషన్‌కు) ఎంతో సహా, కాగితం మీద రాయించుకోండి. అడగడానికి మొహమాటపడేవారే ఎక్కువ ఖర్చు పెడుతున్నారు.

వచ్చే వాయిదాకు అదే కోడ్‌లోని సెక్షన్ 89 కింద మధ్యవర్తిత్వానికి గానీ లోక్ అదాలత్‌కు గానీ పంపమని కోరండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకు డిక్రీ విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. కుటుంబానికి ఆరోగ్య బీమా లేకపోతే, కొత్త ఐ.ఏ. వేయడానికి ముందే ఆ ప్రీమియం కట్టండి.